బస్తరు పైన్ మొక్కలు - ఎవరిది మూఢనమ్మకం?

మొన్న మా సంఘం మీటింగులో ఒక పెద్దాయన బస్తరు పైన్ పథకం సంగతి ఎత్తారు. గిరిజనులు సాల్ చెట్టును దేవుడనుకోవడం వల్ల ఒక మంచి శాస్త్రీయ పథకం మూలన పడిందని ఆయన బాధ. అందరం తలలూపాం, నేనూ ఊపాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఎందుకంటే ఆ కథ నాకు కొంత తెలుసు. అందులో పరీక్ష పూర్తి కాకుండానే నమ్మినవాళ్ళు అడవిలో కన్నా ఆఫీసుల్లో ఎక్కువ.

అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం లేదు. మధ్యప్రదేశ్‌లోని బస్తరు జిల్లా ఒక్కటే మొత్తం కేరళ అంత ఉండేది. 1975లో ఆ రాష్ట్రం అటవీ అభివృద్ధి సంస్థను పెట్టింది. దాదాపు అదే సమయంలో ప్రపంచ బ్యాంకు అటవీ సాంకేతిక సహాయం పేరిట 40 లక్షల డాలర్ల అప్పు ఇచ్చింది. పెద్ద ఆలోచన ఏమిటంటే, సుమారు 20 వేల హెక్టార్ల సాల్ అడవి (మన గుగ్గిలం చెట్టే) కొట్టేసి, ఆ జాగాలో మధ్య అమెరికాకు చెందిన కరీబియన్ పైన్ వేసి, కాగితం గుజ్జు తీయడం. పైన్ పీచు పొడవుగా ఉంటుంది, కాగితానికి బలం ఇస్తుంది. వెదురు చాలడం లేదని మిల్లులు గోలపెడుతున్న రోజులవి. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ కూడా మనుషులు పెంచే "ఉత్పత్తి అడవులు" కావాలనే చెప్పింది.

ఇక్కడ మనలాంటి వాళ్ళం అడగాల్సిన మొదటి ప్రశ్న దేవుడి గురించి కాదు, మొక్క గురించి. బస్తరులో ఏడాదికి 1400 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది, ఇంకా కరువేమిటి అంటారేమో. ఆ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. తొలకరికి నాటిన మొక్క వేళ్ళు దించుకోవడానికి దొరికే గడువు అంతే. తర్వాత మళ్ళీ మృగశిర కార్తె వచ్చేదాకా పై మట్టి ఎండుతూనే ఉంటుంది. పెద్ద చెట్టు లోతు నుంచి నీళ్ళు తోడుకుంటుంది, జానెడు మొక్కకు ఆ వీలు లేదు. పైగా మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు తగలబెడతారు. ఆ మంట ఒక్కోసారి పక్కకు పాకుతుంది.

ఇదే నేలలో సాల్ మొక్క ఏం చేస్తుందో చూడండి. వేసవిలో, మంటల్లో దాని పైభాగం ఎండి చచ్చిపోతుంది. కింద వేరు మాత్రం బతికే ఉండి వానలకు మళ్ళీ చిగురు వేస్తుంది. ఇలా ఏళ్ళ తరబడి చచ్చి బతుకుతూ, వేరు బలిసిన తర్వాతే పైకి లేస్తుంది. చూసేవాడికి ఎదుగూబొదుగూ లేని అడవిలా కనిపిస్తుంది. కొట్టేయమని రాయడం తేలిక.

మరి కరీబియన్ పైన్ తట్టుకుంటుందా? అసలు ఏ పైన్? వరి అంటే ఏ వరి అని మన రైతు అడగడా? ఈ జాతిలోనే మూడు రకాలున్నాయి - క్యూబాది ఒకటి, బహామా దీవులది ఒకటి, బెలీజ్, హోండురాస్, నికరాగువా వైపుది ఒకటి. మూడోదానిలోనూ కొన్ని అడవులు రెండు నెలల ఎండకు అలవాటుపడినవి, కొన్ని ఆరు నెలలకు. ఎండకు ఓర్చుకునే గుణం కొంతవరకు విత్తనంలోనే వస్తుంది. అందుకే వేరువేరు చోట్ల విత్తనం తెచ్చి పక్కపక్కనే నాటి చూస్తారు. దీన్ని ప్రావినెన్స్ ట్రయల్ అంటారు. సరిగ్గా 1970లలోనే ఆక్స్‌ఫర్డులోని కామన్వెల్త్ ఫారెస్ట్రీ ఇన్‌స్టిట్యూట్ మధ్య అమెరికా పైన్ విత్తనాలు సేకరించి ఎన్నో దేశాలకు పంపి ఇలాంటి పరీక్షలు చేయిస్తోంది. అంటే ఏ విత్తనం ఎక్కడ నిలుస్తుందో ప్రపంచమే ఇంకా నేర్చుకుంటోంది.

ఈ పరీక్షకు ఎంతకాలం పడుతుంది? అమెరికాలో లూసియానాలోని బొగలూసాలో ఫిలిప్ వేక్లీ 1920లలో లాబ్లాలీ పైన్‌ను నాలుగు రాష్ట్రాల విత్తనంతో నాటించాడు. 22 ఏళ్ళకు లెక్క చూస్తే స్థానిక విత్తనం చెట్లు ఇచ్చిన కలప మిగతావాటికి దాదాపు రెట్టింపు. తేడాలో చాలా భాగం తుప్పు తెగులు వల్ల వచ్చింది. మొదటి ఏడాది ఎన్ని మొక్కలు బతికాయో చూసి చెప్పగలిగేది కాదది. తర్వాత టెక్సాస్‌లో ఇంకో సంగతి బయటపడింది. పొడి ప్రాంతపు విత్తనం కరువుకు నిలుస్తుంది కానీ మెల్లగా పెరుగుతుంది. కాగితం మిల్లుకు కావలసింది వేగం, బస్తరు వేసవికి కావలసింది ఓర్పు!

బస్తరులో ప్రయోగాత్మక తోటలు వేయలేదని నేను అనను. వేశారు, అప్పు డబ్బులో కొంత అందుకే. కానీ 20 వేల హెక్టార్ల అంకె ఆ మొక్కలు జవాబు చెప్పకముందే కాగితం మీదకు ఎక్కింది. నా అభ్యంతరం అదొక్కటే.

ఇక పర్యావరణ మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. పైన్ బస్తరులో బతకదని గిరిజనులకు ముందే తెలుసు అంటారు వాళ్ళు. ఎలా తెలుస్తుంది? ఇదే కరీబియన్ పైన్ ఫిజీలో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో చక్కగా పెరిగింది. మన అరకు వైపు వెళ్ళినవాళ్ళు పైన్ తోపులో ఫొటోలు దిగే ఉంటారు. బస్తరు పథకాన్ని ఆపింది ఎండిన మొక్కలు కాదు, వ్యతిరేకత. గిరిజనులు ఎదురుతిరిగారు. అంతకుముందు అక్కడ కలెక్టరుగా చేసిన బి.డి.శర్మ గట్టిగా అడ్డుపడ్డారు. 1980ల మొదట్లో పథకం వదిలేశారు. రాబర్ట్ అండర్సన్, వాల్టర్ హ్యూబర్ 1988లో దీని మీద ఒక పుస్తకమే రాశారు. పైన్ గెలిచేదా ఓడేదా అన్న ప్రశ్నకు జవాబు ఆ వ్యతిరేకతలో లేదు.

సాల్ చెట్టులో దేవుడున్నాడని నేను నమ్మను. దేవుణ్ణి పక్కన పెట్టి చూసినా గిరిజనుడి లెక్క చెడదు. నూనెకు అమ్ముకునే గింజలు, విస్తళ్ళకు ఆకులు, పళ్ళపుల్లలు, గుగ్గిలం, ఇవన్నీ చేతికొచ్చే ఆదాయం. పైన్ తోటలో అతనికి మిగిలేది కూలి, అదీ నాటినప్పుడూ కొట్టినప్పుడూ.

ఇంకొకటి ఉంది, బోడా. తొలి వానలకు సాల్ వేళ్ళ దగ్గర మట్టిలో గుండ్రంగా పుట్టే పుట్టగొడుగు. ఆ బూజు సాల్ వేళ్ళను అల్లుకుని మట్టిలోంచి నీళ్ళు, పోషకాలు అందిస్తుంది, చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. పైన్‌కూ ఇలాంటి తోడు కావాలి, కానీ అది గింజతో పాటు రాదు. పోర్టోరికోలో పైన్ మొక్కలు ఏళ్ళ తరబడి కునారిల్లి, 1950లలో వేరే పైన్ అడవి మట్టి తెచ్చి కలిపాకే కోలుకున్నాయి. బోడా మాత్రం ఇప్పటికీ వానలు మొదలవగానే జగదల్‌పూర్ సంతకు గంపల్లో వస్తుంది. మొదటి రోజుల్లో దాని ధర వేటమాంసాన్ని మించుతుంది.

వచ్చే మీటింగులో ఆ పెద్దాయన్ని అడుగుదామనుకుంటున్నాను: ఏ విత్తనమండీ, ఎక్కడిది, ఎన్నేళ్ళు చూశారు?