పెద్దధన్వాడ అడిగిన ప్రశ్న

2025 జూన్ 4న జోగులాంబ గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్దధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ పనులను చుట్టుపక్కల గ్రామాల రైతులు అడ్డుకున్నారు. కంపెనీ సామగ్రి ధ్వంసమయింది. అరెస్టయిన రైతులను అదే నెల 18న అలంపూర్ కోర్టుకు బేడీలతో తెచ్చారు. రాష్ట్రమంతటా నిరసన రేగాక కొందరు పోలీసు సిబ్బందిని సస్పెండు చేశారు.

దీనిని మూకల ఆవేశమని కొట్టిపారేయటం తేలిక. చరిత్ర విద్యార్థి మాత్రం కారణాన్ని వెదకాలి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న గడువును కేంద్ర ప్రభుత్వం 2030 నుంచి 2025కు ముందుకు జరిపింది. ఆ తొందరలోనే 2021 జూన్‌లో పర్యావరణ నిబంధనలను సవరించింది. ఈ పథకం కోసం ధాన్యంతో ఇథనాల్ తీసే కర్మాగారాలు వ్యర్థజలాన్ని బయటికి వదలబోమంటే చాలు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర లేకుండా పోయింది. వదలబోమన్న మాటను నమ్మవలసింది ఎవరు? ఆ నేలమీద సేద్యం చేసేవాడు, ఆ బావినీరు తాగేవాడు. అతన్నే అడగలేదు. పొరుగున నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో ప్రజలు ఇథనాల్ ఫ్యాక్టరీ కాలుష్యంపై ఆందోళనకు దిగిన సంగతి అప్పటికే కళ్లముందుంది.

వలసకూలీల గడ్డ పాలమూరుకు పరిశ్రమలు వద్దని ఎవరూ అనరు. అయితే ఏ పరిశ్రమ, ఎక్కడ, ఎవరి నీటితో అన్నది తేల్చే హక్కు ఎవరిది? ఊరు మాట్లాడే వేదికను చట్టమే ఎత్తివేస్తే, ఆ మాట పొలంగట్టు మీదనే వినిపిస్తుంది. దానికి బేడీలు జవాబు కావు.