దమ్మును కొలిచిన కథ

సింగరేణి కాసిపేట గనిలో తట్టా చెమ్మాస్ (బొగ్గు ఎత్తే గంప, పార) పట్టి పనిచేసిన పాతతరం కోల్ ఫిల్లర్ల దగ్గర కూర్చుంటే బలం మాట టబ్బుల్లో వస్తుంది. షిఫ్టులో ఎన్ని టబ్బులు నింపాడన్నదే మనిషి లెక్క. నింపిన బొగ్గును బట్టే కూలి కాబట్టి ఆ లెక్కలో అతిశయోక్తికి చోటు తక్కువ. ఆ ముచ్చట్లలో ఇంకో మాట పదే పదే దొర్లుతుంది. దమ్ము. వానికి దమ్ముంది అంటారు, నాకు దమ్మొస్తుంది అంటారు, దమ్ముంటే రా అని కూడా అంటారు. ఊపిరికీ, ఓపికకూ, ధైర్యానికీ మా వైపు ఒక్కటే మాట.

అయితే ఎనిమిది గంటల షిఫ్టు లాగే దమ్మూ, కుస్తీ బరిలో ఎదుటివాణ్ని ఎత్తి పడేసే దమ్మూ ఒకటేనా? ఈ ప్రశ్న కుస్తీ నేర్పే ఉస్తాదులకు కొత్తది కాదు. రోజంతా పనిచేసినా అలసిపోని మనిషి రెండు పట్లకే చతికిలబడటం వాళ్లు ఎన్నోసార్లు చూశారు. ఎందుకలా జరుగుతుందో చెప్పడానికి శాస్త్రానికి ఇరవయ్యో శతాబ్దం దాకా పట్టింది. ఆ జవాబులో కీలకమైన ముక్కను కనిపెట్టినవాడు తెలుగువాడు. మన అఖాడాల్లో గానీ, ఆటల మైదానాల్లో గానీ ఆయన పేరు వినిపించదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఉత్తర తెలంగాణ పల్లెల్లో హోలీకీ, జాతరలకూ కుస్తీలు పెట్టడం పాత ఆనవాయితీ. పిల్లల జోడీలతో, కొబ్బరికాయ పందెంతో మొదలై, చివరి కుస్తీకి వెండి కడెం దాకా పోతుంది. ఆ పల్లెల నుంచి బొగ్గు బాయిలకు వచ్చినవాళ్లు తమ ఆటలనూ వెంట తెచ్చుకున్నారు. తాలీంలో, అంటే కుస్తీ నేర్చుకునే చోట, సాధన అంతా లెక్కల మీదే నడుస్తుంది. ఇన్ని దండీలు, ఇన్ని బైఠక్‌లు, గద ఇన్నిసార్లు తిప్పాలి. వెయ్యి బైఠక్‌లు తీసేవాడికి ఓపిక ఉన్నట్టే. కానీ ఆ వెయ్యి, ఒక్క ఊపులో ఎంత శక్తి పుడుతుందో చెప్పదు.

కుస్తీ చరిత్రలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1910 సెప్టెంబరు 10న లండన్‌లో గామా పహిల్వాన్, పోలండ్ మల్లుడు జబిస్కో తలపడ్డారు. జబిస్కో నేలను కరుచుకుని పడుకున్నాడు. రెండున్నర గంటలకు పైగా గామా ఎంత పెనుగులాడినా అతణ్ని తిప్పలేకపోయాడు, పోటీ తేలలేదు. 1928లో పటియాలాలో ఆ ఇద్దరే మళ్లీ తలపడినప్పుడు గామా ఒక్క నిమిషంలోపే కుస్తీ ముగించాడు. మనుషులు వాళ్లే, ఆటా అదే. మొదటిసారి శరీరం ఊపిరి పీల్చుకుంటూ నడిపిన పోరు, రెండోసారి ఊపిరి అందుకునే లోపే తేల్చేసిన పోరు. ఈ రెండో రకం బలాన్నే శాస్త్రం ‘అనెరోబిక్’ అంటుంది. ఆ క్షణానికి కావలసినంత ఆక్సిజన్ అందక ముందే, కండ తనలో ఉన్న సరుకుతో చేసే పని అది.

ఆ సరుకేమిటి? 1907లో ఇంగ్లండ్‌లో ఫ్లెచర్, హాప్కిన్స్ కప్ప కండరాల మీద ప్రయోగాలు చేసి, ఆక్సిజన్ లేకుండా పనిచేసిన కండలో లాక్టిక్ ఆమ్లం పోగవుతుందని చూపించారు. ఆ దారిలోనే ముందుకెళ్లిన ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మైయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. కండ ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పట్లో అందరి నమ్మకం. నోబెల్ ముద్ర పడ్డాక దాన్ని కాదనే సాహసం ఎవరు చేస్తారు?

సరిగ్గా ఆ రోజుల్లోనే భీమవరంలో పుట్టిన ఒక యువ వైద్యుడు అమెరికాలోని బోస్టన్ చేరాడు. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో పుట్టాడు, రాజమండ్రిలోనూ మద్రాసులోనూ చదివాడు. ఖద్దరు కట్టినందుకు మద్రాసు వైద్య కళాశాలలో ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు చిన్న పట్టాతో బయటికొచ్చినవాడు. మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన చేయూతతో ఓడ ఎక్కాడు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరి, రక్తంలో, కండలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి మీద పనిచేశాడు.

ఆ పద్ధతి 1925లో అచ్చయింది. పరీక్షించే ద్రావణంలో మాలిబ్డేట్‌తో పాటు మరికొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఆ రంగును తెలిసిన మోతాదు రంగుతో పోల్చి లెక్క కడతారు. జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహరించిన పత్రాల్లో అదొకటి. ఇప్పటికీ ఆ పద్ధతిని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు.

నన్ను కట్టిపడేసేది దాని తర్వాత జరిగిన సంగతి. కండరం నుంచి తీసిన ద్రావణాన్ని పరీక్షిస్తే నీలిరంగు రావలసినంత వేగంగా రాలేదు. ఆలస్యంగా, మెల్లమెల్లగా చిక్కబడింది. ఇంకొకరైతే రసాయనం పాడైందనుకుని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవారు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ద్రావణంలో ఏదో పదార్థం విరిగిపోతూ, తనలో దాచుకున్న భాస్వరాన్ని కొద్దికొద్దిగా వదులుతోందని గ్రహించారు. 1927లో దాని గుట్టు విప్పారు. అది క్రియాటిన్‌తో కలిసి ఉన్న భాస్వరం, ఫాస్ఫోక్రియాటిన్. కండను పనిచేయిస్తే అది తరిగిపోతోంది, విశ్రాంతినిస్తే మళ్లీ నిండుతోంది. అదే ఏడాది లండన్‌లో ఎగల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం జాడ పట్టారు గానీ, అందులో క్రియాటిన్ ఉందని తేల్చినవాళ్లు ఫిస్క్, సుబ్బారావులే. 1929లో కండకు నేరుగా శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని కూడా వాళ్లు వేరుచేశారు. అదే సంవత్సరం మైయర్‌హాఫ్ ప్రయోగశాలలో కార్ల్ లోమన్ విడిగా ఆ పనే చేశాడు.

మరుసటి ఏడాది డెన్మార్క్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ కండరానికి ఒక విషం ఎక్కించి, లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా ఆపేశాడు. అయినా కండ ముడుచుకుంది. ఫాస్ఫోక్రియాటిన్ అయిపోయేదాకా పనిచేసి, ఆ తర్వాత బిగుసుకుపోయింది. నోబెల్ పొందిన సిద్ధాంతం అలా కూలింది. హిల్ పెద్దమనిషి. 1932లో రాసిన వ్యాసంలో దీన్ని కండర శాస్త్రంలో విప్లవమని ఆయనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు కుస్తీ బరిలోకి రండి. పట్టు దొరికిన క్షణాన కండలో సిద్ధంగా ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. దాన్ని వెంటవెంటనే తిరిగి నింపుతూ దాదాపు పది సెకన్ల దాకా నడిపేది ఫాస్ఫోక్రియాటిన్. ఇంకా పెనుగులాట సాగితే కండలోని చక్కెర నిల్వ ఆక్సిజన్ లేకుండానే విరుగుతుంది, లాక్టేట్ పెరుగుతుంది, చేతులు మంటెక్కుతాయి, పట్టు సడలుతుంది. ఈనాటి అంతర్జాతీయ కుస్తీ మూడేసి నిమిషాల రెండు విడతలు, మధ్యలో విరామం 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో ఫాస్ఫోక్రియాటిన్ మంచి కండలో సుమారు సగం దాకా తిరిగి నిండుతుంది. పూర్తిగా నిండాలంటే మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. అంటే రెండో విడతకు ప్రతి మల్లుడూ సగం నిండిన కుండతోనే దిగుతాడు. ఎవరి కుండ పెద్దది, ఎవరిది త్వరగా నిండుతుంది అన్నదే అక్కడ తేలుతుంది. విశ్రాంతిలో లీటరు రక్తానికి ఒకటి రెండు మిల్లీమోల్స్ ఉండే లాక్టేట్, గట్టి కుస్తీ తర్వాత పది దాటడం మామూలే.

దీన్ని బయటి నుంచి కొలవడమెలా? ఈ కథలో విచిత్రమేమిటంటే తొలి దారులు కూడా హార్వర్డ్ చుట్టూనే తిరుగుతాయి. అక్కడి వ్యాయామశాలను నలభై ఏళ్లు నడిపిన డడ్లీ సార్జెంట్ 1921లో ఒక సులువైన పరీక్ష ప్రకటించాడు. ఆ పరీక్షను ఇప్పుడు చేసే తీరు ఇది: గోడ పక్కన నిలబడి చెయ్యి చాచినంత ఎత్తున ఒక గీత, ఎగిరి అందినంత ఎత్తున మరో గీత. రెండింటి మధ్య దూరమే మనిషి ఊపు. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడిన 1927లోనే హార్వర్డ్ ఫెటీగ్ లాబొరేటరీ మొదలైంది. అక్కడ పనిచేసిన ఇటలీ శాస్త్రవేత్త రొడాల్ఫో మార్గారియా 1933లో సహచరులతో కలిసి ఒక సంగతి తేల్చాడు. తీవ్రమైన శ్రమ తర్వాత మనం రొప్పుతూ తీర్చే ఆక్సిజన్ అప్పులో తొలి భాగానికి లాక్టిక్ ఆమ్లంతో సంబంధం లేదు. సుబ్బారావు గాజు గొట్టంలో చూసిన దాన్ని మార్గారియా పరుగెత్తే మనిషిలో చూశాడని నేను అనుకుంటాను.

అదే మార్గారియా 1966లో మెట్ల పరీక్ష తెచ్చాడు. కొంచెం దూరం నుంచి పరుగెత్తుకొచ్చి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాలి, నిర్ణీత మెట్ల మధ్య పట్టిన సమయం కొలవాలి. తర్వాత కలమెన్ అనే పరిశోధకుడు దాన్ని మార్చి, ఆరు మీటర్ల పరుగు, మూడేసి మెట్లు, మూడో మెట్టు నుంచి తొమ్మిదో మెట్టు దాకా సమయం అన్నాడు. మెట్టు ఎత్తు 17.5 సెంటీమీటర్లయితే ఆరు మెట్లకు 1.05 మీటర్లు. 70 కిలోల కుర్రాడు దాన్ని అర సెకనులో దాటితే సుమారు 1440 వాట్లు, అంటే రెండు గుర్రాల బలానికి కొంచెం తక్కువ. అయితే అది అర సెకను బలం. ఆ తర్వాత ఎంతసేపు నిలుస్తుందో మెట్లు చెప్పవు.

ఆ కొరత తీర్చింది ఇజ్రాయెల్‌లోని వింగేట్ సంస్థ. 1970లలో అయలోన్, ఇన్బార్, బార్-ఓర్ రూపొందించిన పరీక్షే నేటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. నిలబెట్టిన సైకిల్ చక్రానికి, ఒంటి బరువులో కిలోకు 75 గ్రాముల చొప్పున బిగింపు పెడతారు. 70 కిలోల మనిషికి ఐదుంపావు కిలోలు. ఇక 30 సెకన్లు ఉన్న శక్తినంతా పెట్టి తొక్కాలి. అంతకంటే ఎక్కువసేపు తొక్కమంటే మనిషి తెలిసో తెలియకో కొంత బలం దాచుకుంటాడు. అత్యుత్తమ ఐదు సెకన్ల బలం ఒక అంకె, మొత్తం 30 సెకన్ల సగటు మరో అంకె. మొదట 900 వాట్లు చూపించి చివర 500కు పడిపోతే తరుగు 44 శాతం. దిగాక కొందరికి కళ్లు తిరుగుతాయి, వాంతులవుతాయి. మల్లులకు ఇదే పరీక్షను చేతులతో తిప్పే పెడల్‌తో చేస్తారు. కుస్తీలో పట్టు, లాగుడు, ఎత్తుడు అన్నీ చేతుల మీదుగానే నడుస్తాయి కదా.

మన వైపు బలానికి కథలున్నాయి, అంకెలు లేవు. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గొలుసులు తెంపాడని, మోటారు కార్లు కదలకుండా పట్టాడని, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టించుకున్నాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆయన కాలానికి మెట్ల పరీక్షా, సైకిల్ పరీక్షా ఇంకా పుట్టలేదు, ఆ తప్పు ఎవరిదీ కాదు. అదే శ్రీకాకుళం గడ్డ నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒక్కో ఎత్తుడు కొన్ని సెకన్ల పని, అంటే ప్రధానంగా ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్‌ల పని. భీమవరం కుర్రాడు నీలిరంగులో పసిగట్టిన పదార్థమే ఆ పతకానికి ఇంధనం.

సింగరేణిలో కండకష్టం తీరు మారింది. తట్టా చెమ్మాస్ స్థానంలో యంత్రాలొచ్చాయి, టబ్బుల లెక్కతో బలం చెప్పే తరం పదవీ విరమణ పొందింది. సంస్థ కార్మికులకు ఏటా క్రీడలు నిర్వహిస్తోంది, బొగ్గు సంస్థల మధ్య పోటీలకు జట్లను పంపుతోంది, కార్మికుల పిల్లలకు వేసవి శిబిరాలు పెడుతోంది. కబడ్డీ కూతకెళ్లే పిల్లాడికైనా, కుస్తీ పట్టే పిల్లకైనా, వంద మీటర్లు పరుగెత్తేవారికైనా కావలసింది ఈ పది, ముప్పై సెకన్ల బలమే. మరి శిబిరం మొదటి రోజు ఆ బలం ఎంతుంది, చివరి రోజుకు ఎంత పెరిగింది అన్నది ఎవరైనా రాసి పెడుతున్నారా?

లక్షల ఖరీదు చేసే సైకిల్ అక్కర్లేదు. మైదానంలో 35 మీటర్ల దూరాన రెండు గీతలు గీయండి. పిల్లల్ని బాగా ఒళ్లు వేడెక్కించాక, ఆ దూరం ఆరుసార్లు శక్తికొద్దీ పరుగెత్తించండి. మధ్యలో పది సెకన్లే విరామం. ప్రతి పరుగు సమయం రాసుకోండి. ఒంటి బరువును 35 వర్గంతో, అంటే 1225తో హెచ్చించి, సమయపు ఘనంతో, అంటే సమయాన్ని దానితోనే రెండుసార్లు హెచ్చిస్తే వచ్చే అంకెతో భాగిస్తే వాట్లు వస్తాయి. 60 కిలోల పిల్లాడు ఐదు సెకన్లలో పరుగెత్తితే 588 వాట్లు, ఆరో పరుగుకు ఆరు సెకన్లు పడితే 340. మొదటి అంకె చిన్నదైతే వాడికి ఊపు పెంచే సాధన కావాలి. చివరి అంకె బాగా పడిపోతే తట్టుకునే సాధన కావాలి. ఇద్దరికీ ఒకే లెక్కన దండీలు తీయిస్తే ఇద్దరికీ అన్యాయమే. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్న పిల్లలకు మాత్రం డాక్టరు సరేనన్నాకే ఈ పరీక్ష పెట్టాలి.

కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖని మైదానాల్లో పిల్లల్ని తయారుచేస్తున్న కోచ్‌లకూ ఉస్తాదులకూ నా మనవి ఒక్కటే. వచ్చే వేసవి శిబిరానికి విజిల్‌తో పాటు ఒక స్టాప్‌వాచ్, ఒక నోట్‌బుక్ తెచ్చుకోండి. ఒక్కొక్కరి పేరు ఎదురుగా ఆరు సమయాలు రాయండి. నెల తర్వాత మళ్లీ అదే మైదానంలో పరుగెత్తించి, పక్కనే ఇంకో ఆరు రాయండి.