సొట్టలు తీసే విద్య

మా పెదనాయనకు ఒక అంబాసిడరు కారు ఉండేది. 1981లో, సంతరోజున, ఎద్దులబండి కాడి తగిలి దాని ముందు బంపరుకు లోతైన సొట్ట పడింది. బంపరు విప్పించి కోయంబత్తూరులో ఒక టింకరు షెడ్డుకు తీసుకుపోయాము. నేనప్పుడు బళ్ళో చదువుతున్నాను. ఆ మేస్త్రిది మన భాషే. తాతలు ఇత్తడి బిందెలు చేసిన కంచరులు, తండ్రి కాలంలో మోటారు పనికి మళ్ళారు. తమిళంలో బేరమాడి తెలుగులో పని చేసే మనిషి. దాగలి, ఆకురాయి, సాన అన్న మాటలు తమిళ బడిలో చదివిన నేను ఆయన నోటనే విన్నాను.

ఆయన సుత్తి పట్టలేదు. "ముందు మెరుగు తీసెయ్యల్ల" అన్నాడు. మెరుపు కోసమే కదా వచ్చామని నాకు అయోమయం.

కారణం తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. క్రోమియంను ఫ్రెంచి శాస్త్రవేత్త వోక్లాన్ 1797లో కనుగొన్నాడు. గ్రీకులో ఆ పేరుకు రంగు అని అర్థం. లోహానికి తనదంటూ రంగు లేకపోయినా దాని లవణాలకు ఎన్నో రంగులుండటం వల్ల ఆ పేరు వచ్చింది. 1920ల దాకా కార్లకు నికెలు పూతే ఉండేది. అది పసుపు ఛాయ తిరిగి మసకబారేది, తరచు తోమాలి. ఆ దశాబ్దం నడుమ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కాలిన్ ఫింక్ మొదలైనవారు క్రోమియం పూతను కార్ఖానాకు పనికివచ్చేలా చేశారు. దశాబ్దం ముగిసేసరికి అమెరికా కార్లు దాన్ని తొడుక్కున్నాయి.

కాని మనం క్రోమియం మెరుపు అనుకునేది చాలావరకు దాని కిందనున్న నికెలుదే. పైనున్న క్రోమియం సాధారణంగా మిల్లీమీటరులో రెండువేలవ వంతు కూడా ఉండదు. నికెలు దానికి పదుల రెట్లు మందం. క్రోమియం చేసేదల్లా నికెలును మసకబారనీయకుండా కాపాడి, కాస్త నీలిఛాయ ఇవ్వడం. అలాంటి పూత మీద సుత్తి పడితే పొరలు పగిలి పెచ్చులూడతాయి, సందుల్లోంచి తుప్పు మొదలవుతుంది. అందుకే క్రోమియంను, నికెలును ఆమ్లపు తొట్లలో ఒలిచేసి ఉక్కును బయటపెట్టాలి.

తరువాత సుత్తి. "నడిమిలో కొట్టకూడదు నాయనా, అంచునుంచి రావల్ల." సొట్ట పడేటప్పుడు నడిమి భాగం మొదట లోపలికి పోతుంది, అంచులు చివర వంగుతాయి. చివర వంగినదాన్ని మొదట విప్పాలి. మధ్యలో బాదితే రేకు సాగి ఉబ్బుతుంది. సాగిన రేకును కుదించడం సొట్ట తీయడం కన్నా కష్టం. వెనుక నుంచి చిన్న దెబ్బలు, ముందు వైపు ఆనింపుగా నున్నని ఇనుప దిమ్మ. ఆపైన ఆకురాయి అడ్డంగా నడిపితే, అది తగలని చోట పల్లం ఉన్నట్టు. మళ్ళీ సుత్తి, మళ్ళీ ఆకురాయి. ఒక పూటంతా నేను అక్కడే కూర్చున్నాను.

కారు ఒంటి మీది సొట్టలో లప్పం నింపి రంగు కొట్టి దాచవచ్చు. బంపరు మీద ఆ ఆట సాగదు. లప్పంలో కరెంటు పారదు కనుక దాని మీద పూత పట్టదు. పట్టినా, అద్దంలాంటి ఆ నునుపులో ప్రతి వంకరా కనబడుతుంది. (నేను బి.కాం. చదివినవాణ్ణి. సస్పెన్సు ఖాతా లేని లెక్క ఇదొక్కటే చూశాను.) మిగిలిన సన్నని గుంతలకు రాగి పూత మందంగా వేసి, సానపట్టి, మళ్ళీ వేస్తారు. ఆపైన నికెలు, చివర క్రోమియం. అద్దాల చుట్టూ ఉండే స్టెయిన్‌లెస్ పట్టీలకైతే ఈ బాధ లేదు. లోపలి నుంచి తట్టి, గరుకు కాగితంతో రుద్ది, మెరుగు పెడితే చాలు.

మన ప్రాంతానికి ఈ విద్య మోటారు బండ్లతోపాటే వచ్చింది. 1920లో జి.డి. నాయుడుగారు ఒక్క బస్సుతో పొల్లాచి–పళని దారిలో మొదలుపెట్టిన సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలుసు. బస్సుల వెంట షెడ్లు, షెడ్ల వెంట టింకర్లు వచ్చారు. బస్సులవారి పేర్లు నిలిచాయి. 1983 డిసెంబరులో ప్లాస్టిక్ బంపర్లతో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు, అది ఈ షెడ్ల మీదికి వస్తున్న బండి అని ఎవరూ అనుకోలేదు.

1996లో నేను చిన్న ఆఫీసరుగా ఉన్న శాఖకు ఆ మేస్త్రి కొడుకు వచ్చాడు. పూత పని కూడా తానే చేసుకోవాలని అతని ఆశ. కొటేషనులో తొట్లు, రెక్టిఫయరు, బఫింగు మోటారు, చివర పొగలాగే ఫ్యాను, గొట్టం ఉన్నాయి. మొత్తం నా పరిమితి దాటింది. ఉత్పత్తికి సంబంధంలేని ఖర్చని చివరి పద్దును ఎర్రసిరాతో కొట్టేశాను. అతను మారు మాట్లాడలేదు.

క్రోమియం తొట్టిలో కరెంటులో అయిదో వంతుకు మించి పూతకు పనికిరాదు. మిగతా చాలావరకు బుడగలై పైకి లేస్తుంది, ఆ బుడగలు ఆమ్లాన్ని తుంపరగా గాలిలోకి తెస్తాయి. ఆ రకం క్రోమియం మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1990లోనే ప్రకటించింది. అంటే నా ఎర్రగీతకు ఆరేళ్ళ ముందు. నాకు తెలియదు. తెలుసుకోవాలని చూడలేదు కూడా. ఆ అప్పు గడువుకు ముందే తీరిపోయింది. మా శాఖలో మంచి ఖాతాల్లో అదొకటి.

అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది. ఆ ఏడాదే బదిలీ మీద తిరిగి కోయంబత్తూరు వచ్చాను. అతను ఏదో డిపాజిట్టు పనిమీద వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. పని రాక తొట్లు మూసేశానన్నాడు. మాటల మధ్య సన్నగా ఈల వినిపిస్తోంది. నేను చూడటం గమనించి తానే చెప్పాడు.

"ముక్కు నడిమి గోడకు చిల్లు పడింది సార్. తొట్టి కాడ నిలబడేవాళ్ళకు వచ్చేదే అన్నాడు డాక్టరు. నొప్పి లేదు. గట్టిగా ఊపిరి తీస్తే కూత పెడుతుంది, అంతే."

ఫ్యాను మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లేవబోతూ అడిగాడు.

"మీ పెదనాయన బండి బంపరు మా నాయన చేసింది కదా. ఇంకా మెరస్తా ఉండాదా?"

ఉందని చెప్పాను.