సొంతముగా కూర్చుకొను కంప్యూటరు: ఒక వంశచరిత్ర



అరచేతికంటె కొంచెము పెద్దదైన కంప్యూటరు పెట్టె ఇప్పుడు అంగళ్లలో దొరుకుచున్నది. మదర్‌బోర్డు, దానికి శాశ్వతముగా అతికిన ప్రాసెసరు, చిన్న ఫ్యాను, విద్యుత్ అడాప్టరు – అమ్మువారు ఇచ్చునది ఇంతే. మెమరీ, డిస్కు, ఆపరేటింగ్ సిస్టము మనమే తెచ్చి అమర్చుకొనవలెను. ఇంటెల్ సంస్థ 2012లో ముందుకు తెచ్చిన ఎన్.యు.సి. ఈ జాతిలో ప్రసిద్ధమైనది. దాని బోర్డు సుమారు 10 సెంటీమీటర్ల చదరము. మానిటరు వెనుక బిగించినచో కంటికే కనబడదు. 2023లో ఇంటెల్ దానిని విడువగా, తైవానుకు చెందిన ఆసుస్ అందుకొన్నది.

ఇది నిన్న పుట్టిన వింత కాదు. ఈ విద్యకు యాభై యేండ్ల చరిత్ర కలదు. అంతకు ముందరి కథలో మన హైదరాబాదుకును చోటున్నది.

1967లో అణుశక్తి విభాగము క్రింద ఇ.సి.ఐ.ఎల్. ఇచ్చట వెలసినది. తొలి సారథి మోగల్లు గ్రామమున పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. ట్రాంబే పేరు మోసిన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో ఆ సంస్థనుండి వెలువడినది. తరువాత 312, 316 వచ్చినవి. అవి అలమారలంతటి యంత్రములు. సామాన్యుని ఇంటికి వచ్చునవి కావు. అయినను కంప్యూటరును మన ఊరిలో మన చేతులతో కూర్చవచ్చునని అవి నిరూపించినవి. ఆ రోజులలోనే, 1968లో, మా బాలానగరులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏర్పడి పనిముట్ల రూపకల్పన నేర్పసాగినది. విప్పినదానిని మరల బిగించగలవాడే పనివాడు. ఇచ్చటి లేతు షెడ్లలో ఈ మాట ఎవరికిని చెప్పనక్కరలేదు.

ఇంటికి కిట్టుగా వచ్చిన కంప్యూటరులలో తొలుత పేరుపొందినది అమెరికాలోని ఆల్టెయిర్ 8800. 1975 జనవరి నాటి పాప్యులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రముగా అది వెలువడినది. కొన్నవారు ప్రతి భాగమును స్వయముగా సోల్డరింగు చేసుకొనవలసి యుండెను. మూల యంత్రమునకు మెమరీ 256 బైట్లు మాత్రమే!

1981లో ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు వచ్చినది. దానికి సరిపడు భాగములను ఇతరులును చేయసాగినారు. 1984 నవంబరులో మన ప్రభుత్వము ప్రకటించిన కొత్త విధానము దిగుమతులను సడలించినది. కాలక్రమమున సికింద్రాబాదు పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు అసెంబుల్డ్ కంప్యూటరులకు నెలవైనది. మావంటి ఉపాధ్యాయుల ఇండ్లలో చాల వాటికి కంప్యూటరు వచ్చినది ఆ దారినే. అక్కడ సోల్డరింగు లేదు. గాడిలో పెట్టి మర బిగించుటయే పని.

మనము తెలుగును కూర్చుకొన్నదియు అట్లే కదా! విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉన్నను, సెట్టింగులలో ఒక గడికి టిక్కు పెట్టి, సీడీ వేసిన గాని అక్షరములు సరిగా అతుకకుండెడివి. దేశికాచార్యులు గారి పోతన ఖతి, 2006లో వచ్చిన లేఖిని – ఇట్లు ఒక్కొక్క భాగమును తెచ్చి చేర్చుకొన్నాము.

2001లో షటిల్ చిన్నపెట్టెలు, 17 సెంటీమీటర్ల మినీ-ఐటీఎక్స్ బోర్డులు వచ్చినవి. పెట్టె చిన్నదైన కొలది మన చేతికి మిగులు పని తగ్గినది. ఇప్పుడు మిగిలినవి రెండు మూడు గాడులే. కొనువారు ఒకటి గమనింపవలెను: వీటిలో పెక్కింటికి లాపుటాపు మెమరీయే సరిపడును, డీడీఆర్4 గాడిలో డీడీఆర్5 పట్టదు. పలుచని లాపుటాపులు పలువాటిలో ఆ గాడియు లేదు. మెమరీ బోర్డుకే అతికియుండును. అది చెడిన యెడల బోర్డంతయు మార్చవలసినదే.

విగ్రహవాక్యము చెప్పలేనివానికి సమాసము పట్టుబడదని తరగతిలో చెప్పెడివాడను. యంత్రమునకును అదే సూత్రము. కనుక ఇంటిలో పదవ తరగతి పిల్లలున్నవారు, సిద్ధముగా బిగించినది కాక, ఇట్టి కిట్టును కొని మెమరీని వారిచేతనే పెట్టించుడు. ఆ చిన్న గాడి ఉన్నంతవరకే ఈ విద్య ఇంటిలో మిగులును.

మీ తొలి కంప్యూటరును ఎవరు కూర్చినారో వ్యాఖ్యలలో తెలుపగలరు.