స్థిరకోడా? చరకోడా?

జపాను దేశములో మోటారు కార్లకు విడిభాగములు తయారుచేయు డెన్సో సంస్థ కర్మాగారములలో 1990 తరువాతి తొలి సంవత్సరములందు ఒక చిక్కు ఏర్పడెను. భాగముల పెట్టెలపై అంటించు గీతల బార్‌కోడ్‌లో ఇంచుమించు ఇరువది అక్షరములకు మించి పట్టవు. అందుచే ఒక్కొక్క పెట్టెపై అనేక బార్‌కోడ్‌లు అంటించి, ఒకదాని తరువాత ఒకటి చదివింపవలసి వచ్చుచుండెను. పనివారు విసిగిరి. ఈ బాధ తీర్చుటకై అచటి ఇంజనీరు మసహిరో హారా చిన్న బృందముతో పనిచేసి 1994లో వెలువరించినదే నేడు కిల్లీకొట్టు మొదలు ఆసుపత్రి వరకు కనబడు క్యూఆర్ కోడ్.

బార్‌కోడ్‌లో సమాచారము అడ్డముగా మాత్రమే నడచును. హారా దానిని అడ్డముగను నిలువుగను పరచెను. గో అను పలకాటలోని నల్లని తెల్లని కాయల అమరిక ఆయనకు ఈ ఊహ నిచ్చినదందురు. కాని కాగితముపై కోడ్ ఎక్కడ ఉన్నదో యంత్రము ముందుగా గుర్తుపట్టవలెను గదా! అందుకై మూడు మూలల మూడు చదరపు గుర్తులు ఉంచిరి. ఆ గుర్తు నడిమి నుండి ఏ దిశగా గీత గీచినను నలుపు తెలుపులు 1:1:3:1:1 నిష్పత్తిలో తగులును. ఈ నిష్పత్తి ఊరక పుట్టలేదు. కరపత్రములు, పత్రికలు, అట్టపెట్టెలు మొదలగు అచ్చు సామగ్రిని పరిశీలించి, వానిలో అతి తక్కువగా కనబడు నిష్పత్తిని ఏరుకొనిరి.

కోడ్ ప్రక్కకు 21 గళ్లతో మొదలై, నాలుగేసి గళ్లు పెరుగుచు 177 గళ్ల వరకు పోవును. అన్నిటికంటె పెద్దదానిలో 7,089 అంకెలు పట్టును. కర్మాగారములో నూనె మరకలు, గీతలు తప్పవు. కావున రీడ్, సాలొమన్ అను గణితవేత్తలు 1960లో ప్రకటించిన దోషసవరణ పద్ధతిని ఇందులో చేర్చిరి. సవరణలో నాలుగు స్థాయిలు కలవు: సుమారు 7, 15, 25, 30 శాతము చెడినను చదువవచ్చును. స్థాయి పెంచినకొలది సమాచారమునకు చోటు తగ్గును. ఎండకు వానకు గురియగు బోర్డుపై వేయు కోడ్‌నకు పై స్థాయి మేలు.

ఆనాటి కోడ్‌లన్నియు స్థిరకోడ్‌లే. సమాచారమంతయు బొమ్మలోనే ఉండెను. డెన్సో సంస్థ పేటెంటు కలిగియుండియు, ప్రమాణము ప్రకారము వాడువారిపై దానిని ప్రయోగింపనని ప్రకటించెను. 2000లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైనది. 2002లో జపానులో ఈ కోడ్‌ను చదువగల కెమేరా ఫోనులు రాగా, జనులు ఇందులో వెబ్ చిరునామాలు వ్రాయసాగిరి. ఇచటనే దారి రెండుగా చీలెను.

ఇల్లు మారినవాడు పోస్టాఫీసులో క్రొత్త చిరునామా ఇచ్చిపోయినచో ఉత్తరములు అచటికి మళ్లును. వ్యాపారులు డైనమిక్ అని చెప్పు చరకోడ్ ఇట్టిదే. బొమ్మ మారునని పలువురు తలతురు, అది పొరపాటు. బొమ్మలో మధ్యవర్తి సంస్థయొక్క పొట్టి చిరునామా మాత్రమే ఉండును; మారునది ఆ సంస్థ పట్టికలోని గమ్యము. చిరునామా పొట్టిది గనుక గళ్లు తక్కువ, దూరమునుండి చదువుట సులభము. అచ్చయిన పిదప తప్పు దిద్దవచ్చును. ఎందరు చదివిరో లెక్క తెలియును. కాని అద్దె ఆగినను, ఆ సంస్థ మూతబడినను, పదివేల డబ్బాలపై అచ్చయిన కోడ్‌లన్నియు ఒక్కనాడే చచ్చును. స్థిరకోడ్‌నకు ఎవరి దయయు అక్కరలేదు. సొంత వెబ్ చిరునామా గల వర్తకుడు దానినే స్థిరకోడ్‌లో వ్రాసి, మళ్లింపు తానే చేసికొనుట అన్నిటను ఉత్తమము. ఈ మాట కోడ్‌లు అమ్మువారు సాధారణముగా చెప్పరు.

డబ్బు చెల్లింపులలో చరకోడ్ అను మాటకు అర్థము వేరు. ఇచట బొమ్మయే మారును. మన దేశములో 2016లో యూపీఐ వచ్చిన పిదప దుకాణపు గోడనెక్కిన కాగితము స్థిరకోడ్: అందు వర్తకుని యూపీఐ చిరునామా, పేరు ఉండును, మొత్తము కొనువాడు నొక్కవలెను. ఆ చిరునామా వెనుక ఏ బ్యాంకు ఖాతా ఉన్నదో బ్యాంకు పట్టికయే చెప్పును గనుక, ఇది పేరునకే స్థిరమనవచ్చును! చరకోడ్‌లో మొత్తము, బిల్లు సంఖ్య చేరి, ప్రతి అమ్మకమునకు క్రొత్త బొమ్మ తెరపై పుట్టును. అంకె తప్పు నొక్కుట ఉండదు. సాయంకాలము లెక్క తనంత తానే సరిపోవును.

కొన్ని కంపెనీల కోడ్‌లు వాని యాప్‌లకే చెల్లుచుండుటచే దుకాణపు బల్లపై మూడు నాలుగు కోడ్‌లు నిలుచుండెను; డెన్సో పెట్టెల అవస్థయే మరల వచ్చినట్లయినది. 2020 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇట్టి సొంత కోడ్‌లను క్రొత్తగా ప్రవేశపెట్టరాదనియు, ఉన్నవానిని 2022 మార్చి 31 లోగా అందరికిని చెల్లునట్లు మార్చవలెననియు ఆదేశించెను.

స్థిరకోడ్‌నకు అసలు ప్రమాదము జిగురు కాగితము. వర్తకుని కోడ్‌పై దొంగ తన కోడ్ అంటించిపోయినచో, మానవనేత్రమునకు రెండును ఒకటే. చైనా కేంద్రబ్యాంకు దీనిని లెక్కలోనికి తీసికొని, 2018 ఏప్రిల్ 1 నుండి స్థిరకోడ్ చెల్లింపులపై రోజుకు 500 యువాన్ల పరిమితి విధించెను. చరకోడ్‌లకు అంతకంటె ఎక్కువ అనుమతించెను. వందల బిల్లులు వ్రాయు పెద్ద దుకాణము చరకోడ్‌నకు పెట్టు ఖర్చు వృథా కాదు. పది రూపాయల టీ అమ్మువానికి తెరయు, బిల్లు యంత్రమును బరువే. వాడు స్థిరకోడ్‌నే ఉంచుకొని, సొమ్ము పడగానే మొత్తమును తెలుగులో పలుకు చిన్న పెట్టెను ప్రక్కన పెట్టుకొనుచున్నాడు. కోడ్‌పై ఎవడైన కాగితమంటించినచో ఆ పెట్టె పలుకదు.