మీట నొక్కిన క్షణం

1989లో వచ్చిన సన్ కంపెనీ స్పార్క్‌స్టేషన్ 1 యంత్రానికి మౌస్ కోసం వేరే సాకెట్ లేదు. మౌస్ వైరును కీబోర్డుకే గుచ్చాలి. అక్కణ్ణుంచి యంత్రానికి వెళ్లేది ఒక్క కేబులే. దాని లోపల మాత్రం రెండు సీరియల్ దారులు. రెండూ జైలాగ్ 8530 చిప్‌కు చేరేవి: ఒక చానల్ కీబోర్డుది, రెండోది మౌస్‌ది. టెర్మినళ్లకూ మోడెమ్‌లకూ వాడే చిప్పే అది.

ఒక్కో దారి వేగం సెకనుకు 1,200 బిట్లు. ఇప్పుడు వింటే నత్తనడకే కానీ, మనిషి వేళ్లకు అది చాలా ఎక్కువ. మీట నొక్కితే ఒక బైటు వెళ్తుంది. వదిలితే అదే బైటు, పై బిట్టు 1గా మారి, మళ్లీ వెళ్తుంది. అందులో ఉండేది మీట నంబరే, అక్షరం కాదు. ఏ అక్షరమో తేల్చే పని యునిక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ది. స్టాప్, ఎ మీటలు కలిపి నొక్కితే మాత్రం కెర్నెల్ యునిక్స్‌నే ఆపి, యంత్రంలోనే ఉండే ప్రాం మానిటర్ అనే చిన్న ప్రోగ్రాముకు పగ్గాలు అప్పగించేది. మౌస్ ఒక్కో కబురుకు 5 బైట్లు పంపేది: మొదటిది బటన్ల సంగతి, మిగతా నాలుగూ కదలికలు. అంటే, బైటుకు తోడయ్యే మొదలు-ముగింపు బిట్లు కూడా లెక్కేస్తే, సెకనుకు మహా అయితే 24 కబుర్లు.

ఇక్కడే అసలు చిక్కు. షిఫ్ట్ నొక్కి ఉంచి మౌస్ క్లిక్ చేశామనుకోండి. ఆ రెండు సంగతులు వచ్చేది రెండు వేర్వేరు దారుల్లో. విండోల ప్రోగ్రాం పనిలో మునిగి కాస్త ఆలస్యంగా చదివితే, ఏది ముందో ఏది వెనకో ఎలా తెలియాలి? రెండు క్లిక్కుల మధ్య ఎంత సమయం గడిచిందో తెలియకపోతే డబుల్ క్లిక్‌ను పోల్చుకోవడమూ కుదరదు.

సన్ ఇంజినీర్ల జవాబు పేరు ఫర్మ్ ఈవెంట్. మీటైనా బటనైనా కదలికైనా కెర్నెల్ దాన్ని ఒకే రూపంలోకి మార్చేది: ఏం జరిగింది, దాని విలువ ఎంత, ఎప్పుడు జరిగింది. సమయం వేసేది కెర్నెలే కాబట్టి ప్రోగ్రాం ఎంత ఆలస్యంగా చదివినా వరస చెడదు. పైగా ఏ కంపెనీ మౌస్ తగిలించారో ప్రోగ్రాం పట్టించుకోనక్కర్లేదు. సన్ సొంత విండో వ్యవస్థ సన్‌వ్యూ దీని మీదే నడిచింది. ఆ తర్వాత సన్ యంత్రాల మీద ఎక్స్ విండో సర్వరు కూడా ఈ ఈవెంట్లనే చదివింది.

ఆ కాలపు యునిక్స్‌లో నాకు అన్నిటికన్నా అందంగా తోచే ఆలోచన ఇదే. 2000 ప్రాంతంలో సన్ కూడా యూఎస్‌బీకి మారింది, సీరియల్ దారులు పోయాయి. అయినా ఈనాటి లినక్స్‌లో మీట నొక్కినా కెర్నెల్ ప్రోగ్రాముకు ఇచ్చేది సమయం, రకం, కోడు, విలువే.