చిట్టా రాసిన చెయ్యి

ఈ జూబిలీ సంచికకు మాతృసంస్థ చరిత్ర రాసిమ్మని కమిటీవారు అడిగారు. 1843లో బందరులో ఇంగ్లీషు బడి పెట్టిన రాబర్ట్ నోబుల్ దొరగారి పేరు మనకు కొత్త కాదు. ఆయన్ను పంపిన మన మాతృసంస్థ చర్చి మిషనరీ సొసైటీ 1799లో లండన్‌లో పుట్టినప్పుడు డబ్బు పెట్టె తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో మాత్రం మన పెద్దలెవరూ చెప్పలేదు. ఆ మొదటి కోశాధికారి హెన్రీ థార్న్‌టన్.

1760లో పుట్టిన థార్న్‌టన్ బ్యాంకరు. హల్ పట్నంలో ఓటరుకు రెండు గినీలు ఇవ్వడం ఆనవాయితీ అని తెలిసి అక్కడ పార్లమెంటుకు పోటీ మానుకున్నాడు. 1782లో లండన్ సదర్క్ నుంచి గెలిచి, 1815లో కన్నుమూసేదాకా అక్కడి సభ్యుడిగానే ఉన్నాడు. పెళ్లికి ముందు రాబడిని ఏడు పాళ్లు చేసి ఆరు పాళ్లు దానమిచ్చాడట! ఆ మాట చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

లండన్ దగ్గరి క్లాపమ్‌లో ఆయన ఇల్లే అందరికీ చావడి. విల్బర్‌ఫోర్స్, జాన్ వెన్, చార్లెస్ గ్రాంట్, జకారీ మెకాలే, జాన్ షోర్, గ్రాన్‌విల్ షార్ప్, జేమ్స్ స్టీఫెన్, ఇలా ఎందరో. బానిస వ్యాపారం మీద పోరాటం అక్కడే రూపు కట్టింది. 1807లో ఆ వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టమైంది.

ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ సంగతి మాత్రం మనసును కలచివేస్తుంది. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లకు ఊరు కట్టిద్దామని 1791లో పెట్టిన కంపెనీకి ఆయనే అధ్యక్షుడు. 1794లో ఫ్రెంచివాళ్లు ఆ ఊరు ఫ్రీటౌన్‌ను దోచి తగలబెట్టారు. ఆ దెబ్బ తట్టుకుని ఆయన కంపెనీని నిలబెట్టాడు. కానీ కాపురానికొచ్చినవాళ్లు ఉచితమని నమ్మిన భూమికి కంపెనీ శిస్తు అడిగింది. 1800లో వాళ్లు తిరగబడితే అణచివేశారు. ఇంతటి దాతకు ఆ శిస్తు భారం ఎందుకు కనబడలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన్ను పూజించే నేనే ఈ మాట రాయవలసి వస్తోంది. 1808లో ఆ వలస ప్రభుత్వపరమైంది.

థార్న్‌టన్ పోయాక పాతికేళ్లూ చర్చి మిషనరీ సొసైటీ పెరుగుతూ వచ్చింది. 1841లో నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు బందరు చేరారు.

ఈ కోశాధికారి సంగతి రాస్తుంటే మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన ఒక బడిలో ముప్ఫయ్యేళ్లు చిట్టా, ఆవర్జా రాశారు. పైసా తేడా రానిచ్చేవారు కాదు. ఆ బడి పలక మీద దాతల పేర్లున్నాయి, ప్రధానోపాధ్యాయుల పేర్లున్నాయి, ఆయన పేరు లేదు. మనం ఈ జూబిలీకి చెక్కించే పలకలో గుమాస్తాలకు ఒక వరుస వదలమని కమిటీవారికి రాశాను.